దివ్యాంగులైన పిల్లలను పనికి, సొంత జీవితానికి సిద్ధం చేయడం ఎలా

మేధో వైకల్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లలను మన గోదావరి ఇళ్లల్లో ప్రేమగానే పెంచుతాం. అయితే ఆ ప్రేమలోనే 20 ఏళ్ల కొడుక్కి కూడా అమ్మే తల దువ్వుతుంది, నాన్నే చెప్పుల పట్టీ పెడతాడు. ఏ పని నేర్పించాలని అడిగే తల్లిదండ్రులతో నేను ముందుగా ఆ దువ్వెన గురించే మాట్లాడతాను. నేను చూసినంతవరకు, పనిలో చేరి తిరిగొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది పని రాక వచ్చినవారు కాదు. సొంతంగా మరుగుదొడ్డికి వెళ్లిరావడం, వేళకు తినడం, సాయం కావాలని నోరు తెరిచి అడగడం అలవాటు లేక వచ్చినవారు. కాబట్టి 14, 15 ఏళ్ల నుంచే ఇంట్లో మొదలుపెట్టాలి. ఆ వయసు దాటిపోయి ఉంటే ఈరోజే మొదలుపెట్టండి.

ఏ పనినైనా చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పండి. చొక్కా తొడుక్కోవడమే తీసుకుంటే, బొత్తాలన్నీ పైనుంచి మీరే పెట్టి, అన్నిటికన్నా అడుగున ఉన్న బొత్తాన్ని కాజాలో సగం దూర్చి, మిగిలిన సగం తనచేత లాగించండి. అది చేతికి పట్టుబడ్డాక ఆ బొత్తాన్ని పూర్తిగా తనకే వదిలేసి, తర్వాత దాని పైబొత్తాన్ని కూడా వదిలేయండి. ఇలా చేస్తే పని పూర్తిచేసింది ప్రతిసారీ తనే అవుతుంది. ఆ సంతృప్తే మర్నాడు మళ్లీ ప్రయత్నించేలా చేస్తుంది. తడబడినప్పుడు చెయ్యి అడ్డుపెట్టే ముందు మనసులో 10 లెక్కపెట్టండి. తల్లికి ఇంతకన్నా కష్టమైన పని లేదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇల్లు దాటాక మన డెల్టాలో మొదటి పాఠం కాలువ. ఒంటరిగా రేవులోకి దిగకూడదని, గట్టు మీద నీళ్లవైపు కాకుండా ఇవతలి పక్కన నడవాలని రోజూ అదే దారిలో నడిపించి అలవాటు చేయాలి. తర్వాత బస్సు. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లాలంటే, మొదట కొన్నాళ్లు పక్కన కూర్చోండి. ఆ తర్వాత రెండు సీట్లు వెనక కూర్చుని, టికెట్ అడగడం, చిల్లర తీసుకోవడం తనకే వదిలేయండి. చివరికి ఇక్కడ మీరు ఎక్కించి, అక్కడ ఇంకొకరు దిగేచోట నిలబడితే చాలు. ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో ఎప్పుడూ ఉండాలి.

పని కోసం దూరం చూడనక్కరలేదు. కడియం నర్సరీలు, అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు పనులు, నరసాపురం లేసు అల్లిక మన చుట్టూ ఉన్నవే. పిల్లవాణ్ణి పంపేముందు మీరే ఒక పూట అక్కడ కూర్చుని, ఏ పని ఏ వరుసలో జరుగుతోందో, మోత ఎంత ఉందో, నీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూసి రాసుకోండి. నర్సరీలో మట్టి కవర్లు నింపే ఒక అబ్బాయికి ఎంత నింపాలో అర్థమయ్యేది కాదు. నమూనాగా నింపిన ఒక కవరును ఎదురుగా పెట్టి, కవరు మీద మట్టి రావలసిన ఎత్తులో ఎర్రగీత గీశాం. లెక్క రాదు కాబట్టి వరుసకు 10 చొప్పున గళ్లు గీసిన చెక్కపలక ఇచ్చాం. గళ్లన్నీ నిండితే ఒక దఫా అయినట్టు. మేస్త్రీకి మేం చెప్పింది ఒక్కటే: ఒకసారికి ఒక పనే చెప్పండి. కూలి సంగతి మొదటిరోజే మాట్లాడుకోవాలి. ‘ఏదో కాలక్షేపానికి రానివ్వండి’ అని మీరే అంటే, తన చేతిపనికి విలువ లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఆ డబ్బు తన చేతికే ఇప్పించి, అందులోంచి తనకు నచ్చింది కొనుక్కోనివ్వండి.

కాగితాల విషయంలో వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ కార్డు ముందు సంపాదించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించింది. అందులో మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారికీ వాటా ఉంది. 18 ఏళ్లు నిండినవారి తరఫున సంతకం చేసే హక్కు తల్లిదండ్రులకు దానంతటది ఉండదు. అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక కమిటీకి సంరక్షకత్వం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాస్త తోడుంటే తన నిర్ణయం తనే తీసుకోగలిగిన పిల్లలకు మాత్రం ఆ దరఖాస్తు తొందరపడి పెట్టవద్దని నా సలహా.

ఇవి కుదిరాక ఒక పూట, తర్వాత ఒక రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వండి. మీరు పక్కవీధిలో పిన్నిగారింట్లో పడుకోండి. కరెంటు పోతే ఏ టార్చి తీయాలో, తుఫాను హెచ్చరిక వస్తే మందులు, కార్డు, ఛార్జరు ఉన్న సంచితో ఎవరింటికి వెళ్లాలో వానలు మొదలవకముందే రెండుమూడు సార్లు చేయించి చూడండి.