పీఎస్పీలో హార్డ్‌వేర్ డిథరింగ్: 16 బిట్ స్క్రీన్‌లో రంగు మెట్లు పోగొట్టడం

పీఎస్పీలో (సోనీ చేతి గేమ్ పరికరం) ఫ్రేమ్ బఫర్‌ని (స్క్రీన్ బొమ్మ ఉండే మెమరీని) పిక్సెల్‌కి 32 బిట్ల నుంచి 16 బిట్లకు దించగానే ముందు చెడేది ఆకాశం. నున్నగా సాగాల్సిన నీలం మెట్లు మెట్లుగా విడిపోతుంది. దీనికి మందు డిథరింగ్, అంటే పక్కపక్క పిక్సెళ్ళ రంగుల్ని కొద్దికొద్దిగా అటూఇటూ జరిపి మెట్ల అంచుల్ని కలిపేయడం. అది గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంది, ఆన్ చేయడానికి ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైనూ రాసి వదిలేస్తే మాత్రం అక్షరాల మీద చుక్కలు, పొగలో గళ్ళు తేలతాయి.

అయినా 16 బిట్లకు దిగడం ఎందుకంటే, వీడియో మెమరీ మొత్తం 2 ఎంబీయే. స్క్రీన్ 480×272 అయినా బఫర్ వరస వెడల్పు 512. 32 బిట్లలో ఒక బఫర్ 5,57,056 బైట్లు, 16 బిట్లలో 2,78,528. రెండు రంగు బఫర్లకు కలిపి 5,57,056 బైట్లు టెక్స్చర్లకు (వస్తువుల మీద అతికే బొమ్మలకు) మిగులుతాయి. పైగా ప్రతి పిక్సెల్‌కీ మెమరీ రాకపోకలు సగమవుతాయి.

ముందు బఫర్లు సర్దుకోవాలి. డ్రా బఫర్ (గీసేది) 5650 ఫార్మాట్‌లో 0 దగ్గర, డిస్‌ప్లే బఫర్ (చూపించేది) హెక్స్ 44000 దగ్గర, డెప్త్ బఫర్ (పిక్సెళ్ళ దూరాలు దాచేది) హెక్స్ 88000 దగ్గర పెట్టండి. 5650 అంటే వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకతలకు ఉన్న బిట్లు. 5551, 4444, 8888 కూడా ఇలాగే. పీఎస్పీ ఎస్‌డీకేలో (ప్రోగ్రాములు రాసే కిట్) డిస్‌ప్లే బఫర్ ఫంక్షన్‌కి ఫార్మాట్ విడిగా ఇవ్వం, అది డ్రా బఫర్‌దే తీసుకుంటుంది. అందుకే డ్రా బఫర్‌ని ముందు, డిస్‌ప్లే బఫర్‌ని తర్వాత పిలవాలి.

ఆ తర్వాత డిస్‌ప్లే లిస్ట్, అంటే చిప్‌కి పంపే ఆదేశాల వరస తెరిచి (స్టార్ట్‌కీ ఫినిష్‌కీ మధ్యలో) జీయూ (ఎస్‌డీకేలోని గ్రాఫిక్స్ లైబ్రరీ) డిథర్ స్టేట్‌ని ఎనేబుల్ చేయండి. మొదటి స్టార్ట్‌లో ఎస్‌డీకే తనంతట తానే ఈ పట్టికను పంపేస్తుంది:

-4 0 -3 1
2 -2 3 -1
-3 1 -4 0
3 -1 2 -2

పిక్సెల్ ఎక్స్, వై స్థానాల చివరి రెండేసి బిట్లను బట్టి ఈ 16 గళ్ళలో ఒకటి ఎంపికవుతుంది. బ్లెండింగ్ (కొత్త రంగుని వెనక రంగుతో కలపడం) అయ్యాక, కింది బిట్లు కత్తిరించే ముందు ఆ అంకె ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ కలుస్తుంది. సొంత పట్టిక కావాలంటే సెట్ డిథర్ ఫంక్షన్ వాడండి. ఒక్కో గడికి ఉన్నది గుర్తుతో కలిపి 4 బిట్లే, అంటే -8 నుంచి 7 వరకు. 8 రాస్తే ఎర్రర్ రాదు, చడీచప్పుడు లేకుండా -8 అయిపోతుంది. మెట్లు తగ్గకపోగా పెరిగాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పట్టిక పరిధి మెట్టు ఎత్తుకి (0-255 కొలతలో పక్కపక్క రంగుల మధ్య తేడాకి) సరిపోవాలి. 5551లో మూడు రంగులకూ మెట్టు 8 కాబట్టి -4 నుంచి 3 సరిగ్గా అతుకుతుంది. 4444లో మెట్టు 16, అక్కడ ఇది సగమే పని చేస్తుంది. దానికి పూర్తి పరిధి ఉన్న పట్టిక ఇవ్వండి:

-8 0 -6 2
4 -4 6 -2
-5 3 -7 1
7 -1 5 -3

చిక్కంతా 5650తోనే. ఆకుపచ్చకి 6 బిట్లు, మెట్టు 4. ఎరుపు, నీలాలకు సరిపోయే పట్టిక దానికి రెండింతలు ఎక్కువ. అచ్చ తెలుపు 255లో -4 కలిస్తే 251. ఎరుపు, నీలం పై మెట్టులోనే ఉంటాయి, ఆకుపచ్చ 63 నుంచి 62కి జారుతుంది. పదహారు పిక్సెళ్ళలో రెండు లేత గులాబీ అవుతాయి. బూడిద రంగు పొగమంచు ఎక్కువున్న ఆటకి 5551 మేలు, స్టెన్సిల్‌కి (ఎక్కడ గీయాలో చెప్పే ముసుగుకి) ఒక్క బిట్టే మిగులుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

మెనూలు, అక్షరాలు గీసే ముందు డిథర్ ఆపేయండి. ఆపడం కుదరకపోతే 5551లో ఎనిమిదితో భాగిస్తే 4 మిగిలే విలువలు (132, 68 లాంటివి) వాడండి. ఏ గడి కలిసినా అవి అదే మెట్టులో ఉంటాయి, చుక్క పడదు. స్క్రీన్ క్లియర్ చేసేటప్పుడు కూడా డిథర్ పని చేస్తుంది కాబట్టి నలుపు కాని రంగుతో తుడిచేవాళ్ళు దాని తర్వాతే ఆన్ చేయాలి. 8888 బఫర్‌లోకి గీస్తున్నా అది ఆగదు, ఊరికే రంగుల్ని చెడగొడుతుంది.

పొగ, మంటల లాంటి పారదర్శక పొరలది వేరే గొడవ. గళ్ళు స్క్రీన్‌కి అతుక్కుని ఉంటాయి. పది పొరలు వేస్తే ఒకే పిక్సెల్‌కి ఒకే తేడా పదిసార్లు కలిసి అల్లిక బయటపడుతుంది. ఇలాంటి పొగ, మంటల రేణువులు (పార్టికల్స్) వరకు అంకెల్ని సగానికి తగ్గించిన పట్టిక పెట్టడం మంచి రాజీ.

డిథర్ ఆన్‌లో ఉన్నా మెట్లు పోవట్లేదంటే మూలం చూడండి. టెక్స్చరే 5650 అయితే పోయిన బిట్లను చిప్ తిరిగి తేలేదు. 8 బిట్ ఇండెక్స్ టెక్స్చర్‌కి (పిక్సెల్‌లో రంగుకి బదులు రంగు సంఖ్య ఉండేది) 8888 పాలెట్ (రంగుల జాబితా) ఇవ్వడం చవకైన దారి. కాపీ ఇమేజ్ ఫంక్షన్‌తో తెచ్చిన బొమ్మలకూ, సీపీయూ నేరుగా రాసిన పిక్సెళ్ళకూ డిథర్ తగలదు. వాటిని స్ప్రైట్‌గా గీయాలి.

పరీక్షకి 480 పిక్సెళ్ళ వెడల్పున 0 నుంచి 255 దాకా ఎరుపు వాలు ఒకటి గీయండి, వెర్టెక్స్ (మూల బిందువుల) రంగులు 8888లో. డిథర్ లేకుండా 15 పిక్సెళ్ళకో గీత కనిపించాలి, ఆన్ చేస్తే అంచులు కరగాలి. ఇది పరికరం మీదే చూడండి. పీపీఎస్ఎస్‌పీపీలో (కంప్యూటర్‌లో పీఎస్పీని అనుకరించే ఎమ్యులేటర్) చూడక తప్పకపోతే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కి మార్చండి. మామూలు సెట్టింగ్‌లో ఆ ఎమ్యులేటర్ నున్నటి ఆకాశం చూపించి మోసం చేస్తుంది.