విడివిడిగా అన్నీ పనిచేస్తాయి, కలిపితే తప్పు చూపిస్తాయి: చెరువు పేజీని బాగుచేసుకోవడం ఎలా?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతులకు నేను చిన్న వెబ్ పేజీలు చేసి ఇస్తుంటాను. చెరువుల మ్యాప్ ఒకచోట నుంచి, వాన అంచనా ఇంకోచోట నుంచి, 30 కౌంట్, 100 కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రేట్లు గూగుల్ షీట్ నుంచి వస్తాయి. అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఇలా ఉన్న ముక్కలను కలిపి కొత్త అప్లికేషన్ కట్టడాన్ని మాషప్ అంటారు. 2005లో క్రెయిగ్స్‌లిస్ట్ ఇళ్ల ప్రకటనలను గూగుల్ మ్యాప్ మీద పెట్టిన హౌసింగ్‌మ్యాప్స్ దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. వెబ్ ఇంజనీరింగ్ పరిశోధకులు ఈ కలపడాన్ని మూడు స్థాయుల్లో చూస్తారు: డేటా, లాజిక్, తెర. తెర దగ్గర తప్పు జరిగితే కంటికి కనిపిస్తుంది. డేటా దగ్గర జరిగితే పేజీ చక్కగానే ఉంటుంది, అందులో ఉన్న అంకె మాత్రం తప్పు.

ముందు ఎఫ్12 నొక్కండి

"అన్నా, పేజీ రావట్లేదు" అని ఫోన్ వస్తుంది. ఎఫ్12 నొక్కితే బ్రౌజర్‌లో తప్పులు చూపించే కన్సోల్ తెరుచుకుంటుంది. అందులో ఎర్రగా ఏముందని అడిగితే "చూడలేదన్నా" అంటారు. రెండు రోజులు కోడ్ అంతా తిరగరాసి ఉంటారు, ఆ ఒక్క మీట మాత్రం నొక్కి ఉండరు. దయచేసి ముందు కన్సోల్ చూడండి. తర్వాత నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒక్కో ముక్క నుంచి వచ్చిన జవాబును తెరిచి కళ్లారా చదవండి. కింద చెప్పేవన్నీ దాని తర్వాతే.

సమస్య: ఒక డబ్బా ఖాళీగా ఉంది

కన్సోల్‌లో కోర్స్ (CORS) అనే మాట ఉంటే, ఆ సర్వీసు మీ పేజీ నుంచి వచ్చే బ్రౌజర్ పిలుపుకు అనుమతి ఇవ్వలేదని అర్థం. మీ జావాస్క్రిప్ట్‌లో ఏం మార్చినా అది తెరుచుకోదు. మీ సర్వర్ నుంచి పిలిచి, ఆ జవాబును పేజీకి అందించండి. జవాబుగా 403 అనే కోడ్ (అనుమతి లేదని) వస్తే, సర్వీసు మీకిచ్చిన గుర్తింపు కోడ్‌ను, అంటే కీని చూడండి. చాలాసార్లు కీకి మీ డొమైన్ పేరు జతచేసి ఉండరు. 429 వస్తే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, వచ్చిన జవాబును పావుగంట దాచుకుని వాడండి. చెరువు గట్టు మీద సెన్సర్ భద్రత లేని హెచ్‌టీటీపీలో ఉండి, పేజీ భద్రత ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో ఉంటే బ్రౌజరే ఆపేస్తుంది. సెన్సర్ డేటాను కూడా మీ సర్వర్ మీదుగా తీసుకురండి.

సమస్య: చెరువు గుర్తు మ్యాప్ మీద లేదు, లేదా నెల్లూరులో చలి చూపిస్తోంది

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. మ్యాప్ డేటా దాచే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశం ముందు రాయాలి, మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ లైబ్రరీలో అక్షాంశం ముందు రాయాలి. నెల్లూరు సుమారు 14.44, 79.99. దాన్ని తిప్పి రాస్తే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల ఉత్తర తీరానికి వెళ్తుంది. వాతావరణ సర్వీసు ఏ అభ్యంతరమూ చెప్పకుండా అక్కడి చలిని పంపిస్తుంది. ఒంగోలు అయినా అంతే, దాదాపు అదే చోటు. వరస మార్చితే సరిపోతుంది.

సమస్య: అన్నీ వస్తున్నాయి, కానీ వాన చెప్పిన వేళకు రావడం లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక రైతు పేజీలో మధ్యాహ్నం పన్నెండుకు గట్టి వాన అని ఉంది. వానలో రొయ్య మేత సరిగా తినదని ఆయన మధ్యాహ్నం మేత ఆపేశారు. చినుకు పడలేదు. సాయంత్రం అయిదుకు మేత చల్లారు, అయిదున్నరకు కుండపోత. రాత్రి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత అలాగే ఉంది. "ఏంది అబ్బాయా, నీ పేజీ మధ్యాహ్నం వానంటాది, వచ్చేది సాయంత్రం" అన్నారు. అంచనా కదా, అటూ ఇటూ అవుతుందని సర్దిచెప్పాను. అలా సర్దిచెప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆయన చెప్పిన తేడా సరిగ్గా అయిదున్నర గంటలు.

సర్వీసు పంపిన సమయం యూటీసీలో, అంటే మన కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. అది యూటీసీ అని చెప్పే జెడ్ (Z) అక్షరం దాని చివర లేదు. తేదీతో పాటు సమయం కూడా ఉండి జెడ్ గానీ +05:30 గానీ లేకపోతే, జావాస్క్రిప్ట్ దాన్ని లోకల్ సమయంగా చదువుతుంది. తేదీ ఒక్కటే ఉంటే యూటీసీగా చదువుతుంది. సర్వీసు తప్పు అంకె పంపలేదు, బ్రౌజర్ నియమం తప్పలేదు. రెండూ కలిసినచోట అయిదున్నర గంటలు మాయమయ్యాయి. కన్సోల్‌లో ఎర్ర గీత రాదు, అంతా సరే అని చెప్పే 200 కోడే వస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

కనిపెట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. గంటగంటకూ వచ్చే ఉష్ణోగ్రత గ్రాఫ్ చూడండి. మే నెలలో మన దగ్గర ఎండ మధ్యాహ్నం రెండు ప్రాంతంలో మండుతుంది. మీ గ్రాఫ్‌లో ఆ శిఖరం ఉదయం ఎనిమిదిన్నర దగ్గర ఉంటే మీరు యూటీసీని చూస్తున్నారు. వాన తప్పినా ఎండ ఇంత తప్పదు కాబట్టి ఈ పరీక్షను నమ్మొచ్చు.

సర్వీసులో టైమ్‌జోన్ పారామీటర్ ఉంటే ఏషియా/కోల్‌కతా (Asia/Kolkata) అని పంపండి. లేకపోతే వచ్చిన సమయానికి చివర జెడ్ కలిపి చదివి, చూపించేటప్పుడు అదే టైమ్‌జోన్ పేరు ఇవ్వండి. రెండూ ఒకేసారి చేయకండి, తేడా ఇటు నుంచి అటు మారుతుంది. చేత్తో అయిదున్నర గంటలు కలపడం అసలే వద్దు. అదే కోడ్ యూటీసీ గడియారం ఉన్న సర్వర్‌లోనో, దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లోనో నడిస్తే లెక్క మళ్లీ తప్పుతుంది. "నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, సర్వర్‌లో పెడితే మారింది" అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే.

రోజు మొత్తం వాన లెక్కలోనూ ఇదే చిక్కు. యూటీసీ రోజు మనకు ఉదయం అయిదున్నరకు మొదలవుతుంది. భారత వాతావరణ శాఖ 24 గంటల వర్షపాతాన్ని ఉదయం ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నర వరకు లెక్కగడుతుంది. క్యాలెండర్ రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనాల వానలు రాత్రంతా కురిసే రోజుల్లో, ఈ మూడు "నేడు"లనూ పక్కపక్కన పెడితే మూడు అంకెలు వస్తాయి. ప్రతి అంకె పక్కన ఎప్పటి నుంచి ఎప్పటి వరకో రాయండి.

సమస్య: రేటు పాతది

షీట్‌ను వెబ్‌కు పబ్లిష్ చేస్తే మార్పు వెంటనే కనిపించదు, కొన్ని నిమిషాలు ఆగండి. అప్పటికీ తేడా ఉంటే షీట్ లొకేల్, అంటే ఏ దేశపు తేదీ పద్ధతి అని చెప్పే సెట్టింగ్ చూడండి. అది అమెరికాదైతే 05/06 అంటే మే 6, మన జూన్ 5 కాదు.

అరుదుగా జరిగేవి

మీ పేజీలో ఎంబెడ్ చేసిన (లోపల అమర్చిన) వేరే సైటు పేజీ తెరుచుకోకపోతే ఆ సైటే వద్దన్నట్టు, వేరే సైటు చూసుకోండి. ముక్క పూర్తిగా మూతపడటం కూడా ఉంది. మాషప్‌లు కట్టుకోవడానికి 2007లో వచ్చిన యాహూ పైప్స్ సర్వీసు 2015లో మూతపడినప్పుడు దాని మీద కట్టినవన్నీ ఆగాయి. అందుకే బయటి సర్వీసును పేజీలో పదిచోట్ల నేరుగా పిలవకుండా, మధ్యలో మీదైన ఒక ఫంక్షన్ పెట్టుకోండి. సమయాన్ని సరిచేసేది కూడా అక్కడే ఉండాలి.