కెబారు నది నుంచి ఏడో మందిరం దాకా: తొలి యూదు మార్మిక గ్రంథాలను చదివే పద్ధతి

యూదు మార్మికత అనగానే చాలామంది నేరుగా కబాలా పుస్తకాలు తెరుస్తారు. కబాలాకు మూలస్తంభమైన జోహార్ 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలుగు చూసింది. అంతకు వందల ఏళ్ల ముందే పుట్టిన వాఙ్మయం వేరే ఉంది. దాని పేరు మెర్కవా, అంటే రథం. ఇక్కడి దేవుడు సింహాసనం మీద కూర్చున్న రాజు. సాధకుడు ఆయనలో లీనం కాడు, ఆయన ఎదుట నిలబడి దేవదూతలతో గొంతు కలుపుతాడు. అద్వైతం వింటూ పెరిగిన మనం ఈ తేడాను మొదటి రోజే మనసులో పెట్టుకోవాలి. లేకపోతే ప్రతి పేజీలోనూ లేని ఐక్యం కనిపిస్తుంది.

మొదలు పెట్టాల్సింది యెహెజ్కేలు 1వ అధ్యాయంతో. క్రీ.పూ. 593లో, బబులోను చెరలో, కెబారు నది ఒడ్డున ఆ యాజకుడికి కలిగిన దర్శనం అది. పాత తెలుగు బైబిలు, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకుని మూడుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి కింద నుంచి పైకి ఒక బొమ్మ గీయండి: నాలుగేసి ముఖాలున్న జీవులు (మనిషి, సింహం, ఎద్దు, గద్ద), పక్కన కళ్లతో నిండిన చక్రాలు, పైన మంచుగడ్డలా మెరిసే ఆకాశమండలం, ఆ పైన నీలకాంతపు సింహాసనం. మూడోసారి “వంటి”, “పోలిన”, “రూపము” అన్న మాటలన్నిటి కిందా గీత గీయండి. ప్రవక్త ఎక్కడా “దేవుణ్ణి చూశాను” అనడు. చివరి వచనంలో హీబ్రూ మాటలను వరసగా పెడితే “యెహోవా మహిమ యొక్క పోలిక యొక్క రూపం” అని వస్తుంది. చూసినదానికీ చెప్పినదానికీ మధ్య ఇన్ని తెరలు ఎందుకు వేశాడో పట్టుకుంటే తర్వాతి గ్రంథాల వేదాంతం సగం చేతికొచ్చినట్టే.

అదే అధ్యాయంలో “కరగబడిన యపరంజి” అన్నచోట ఆగండి. హీబ్రూలో అది హష్మల్. దాని అసలు అర్థం ఎవరికీ గట్టిగా తెలియదు. గ్రీకు అనువాదకులు ఎలెక్ట్రాన్ అన్నారు, నేటి ఇజ్రాయెల్‌లో హష్మల్ అంటే కరెంటు. ఒక పిల్లవాడు ఈ హష్మల్ భావం గ్రహించగానే దానిలోంచి నిప్పు వచ్చి అతణ్ణి కాల్చేసిందని టాల్ముడ్ (యూదు ధర్మగురువులైన రబ్బీల చర్చల సంకలనం) చెబుతుంది. రబ్బీలు ఈ అధ్యాయానికి అంతగా భయపడ్డారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా (రబ్బీల ధర్మ నియమాల సంకలనం), హగీగా అనే భాగం 2:1లో నియమమే పెట్టింది: రథం గురించి ఒక్క శిష్యుడికి కూడా బోధించకూడదు, అతను జ్ఞాని అయి స్వయంగా గ్రహించగలిగితే తప్ప.

తర్వాత యెషయా 6, దానియేలు 7:9-10, హనోకు మొదటి గ్రంథం (తెలుగు బైబిలులో లేని పాత యూదు గ్రంథం) 14వ అధ్యాయం ఈ వరసలోనే చదవండి. హనోకు చూసిన ఇల్లు నిప్పులా వేడిగానూ మంచులా చల్లగానూ ఉంటుంది. మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన సబ్బాతు బలి గీతాలు పదమూడు. వాటి ప్రతి ఒకటి మసాదా కోటలోనూ దొరికింది. పరలోకంలో ఒక ఆలయం, అందులో దేవదూతలే యాజకులు అన్న ఊహ రోమన్లు క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయాన్ని కూల్చకముందే ఉందనడానికి ఇవి సాక్ష్యం.

ఇప్పుడు అసలు మెర్కవా గ్రంథాలు: పరలోక మందిరాలు దాటి రథం దాకా వెళ్లే ప్రయాణాన్ని చెప్పే హేఖలోత్ వాఙ్మయం. హేఖల్ అంటే రాజభవనం, ఆలయం కూడా. ముందు హేఖలోత్ రబ్బాతీ తీసుకోండి. జర్మన్ పండితుడు పీటర్ షేఫర్ 1981లో ఈ వాఙ్మయపు ఏడు చేతిరాత ప్రతులను పక్కపక్కన అచ్చువేసి పేరాలకు అంకెలిచ్చాడు. నోట్సులో ఎప్పుడూ ఆ అంకెలే రాసుకోండి. ప్రతికీ ప్రతికీ పాఠం మారుతుంది, ఒక గ్రంథం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో కూడా మారుతుంది. పేజీ నంబరు నమ్ముకుంటే రెండో అనువాదం తెరిచిన రోజున దారి తప్పుతారు.

హేఖలోత్ రబ్బాతీలో పరలోక మందిరాలు ఏడు, ప్రతి ద్వారానికి ఎనిమిది మంది కావలివాళ్లు. వాళ్లకు ముద్రలు చూపించి లోపలికి పోవాలి. రథం దగ్గరికి వెళ్లేవాణ్ణి “దిగేవాడు” అంటారు, వెళ్లేది పైకైనా సరే. ఇది అచ్చుతప్పు కాదు, సరిదిద్దకండి. బయల్దేరేముందు సూరియా అనే దూతను 112 సార్లు ఆనబెట్టి పిలవాలి, వేళ్లమీద లెక్క పెట్టుకుంటూ. ఒక్కటి పెరిగినా తగ్గినా ప్రాణానికే ముప్పు. ఆరో ద్వారం దగ్గర లక్షల అలలు మీద పడుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఒక్క చుక్క నీరుండదు, ఉన్నది మెరిసే పాలరాయి. “ఈ నీళ్లేమిటి?” అన్నవాడు అనర్హుడు. టాల్ముడ్‌లో నలుగురు ఉద్యానంలోకి వెళ్లిన కథ (హగీగా 14బి) చదివి, ఆ నలుగురిలో ఒకడైన రబ్బీ అకీబా చేసిన “నీళ్లు, నీళ్లు అనకండి” హెచ్చరికను దీని పక్కన పెట్టండి.

స్తోత్రాలను కళ్లతో చదవకండి, పైకి చదవండి. పర్యాయపదాలు గుట్టలుగా వచ్చి “పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు” దగ్గర ఆగుతాయి. 164వ పేరాలో దేవుడే మాట్లాడతాడు: మీరు “పరిశుద్ధుడు” అన్న వేళ నా సింహాసనం మీద చెక్కిన యాకోబు ముఖం మీదికి వంగి కౌగిలించుకుంటాను, ముద్దు పెట్టుకుంటాను అని. ఏడు ద్వారాల అవతలి రాజు, కింద ప్రార్థన మందిరంలోని ఒక్క మాటకు వంగుతున్నాడు. నా దృష్టిలో ఈ వాఙ్మయమంతటికీ గుండెకాయ ఈ పేరానే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది కాలం దగ్గర. అకీబా, ఇష్మాయేలు 2వ శతాబ్దపు రబ్బీలు. ఈ గ్రంథాలు వాళ్ల నోటితో మాట్లాడతాయి కానీ వాళ్లు రాసినవి కావు. అప్పటికే కూలిపోయిన యెరూషలేము ఆలయంలో వాళ్ల సభ జరిగినట్టు కూడా ఉంటుంది. ఇంటర్నెట్టులో తిరిగే “మెర్కబా ధ్యానం”, తిరిగే నక్షత్రాకారాలు ఆధునిక కల్పన. యెహెజ్కేలు చక్రాలకూ యోగ చక్రాలకూ సంబంధం లేదు.

దేవుడి శరీర కొలతలు చెప్పే షియూర్ కోమాను చివర్లో చదవండి. దేవుడి ఎత్తు 236 కోట్ల పరసంగులని (పరసంగు పాత పారసీక దూరమానం) పాఠాల్లో ఉంటుంది, కొన్ని ప్రతుల్లో అంకె వేరు. 236 ఎక్కడిదో మీరే లెక్క కట్టండి: కీర్తన 147:5లోని “వెరవ్ కోవఖ్” (మహాశక్తి గలవాడు) హీబ్రూ అక్షరాలకు అంకెలుగా ఉండే విలువలు 6, 200, 2, 20, 8. కొలమానం కూడా చూడండి: పరసంగులో మైళ్లు, మైలులో మూరలు, మూరకు రెండు జానలు, ఆయన జాన లోకమంతా నిండుతుంది. కొలతబద్దే లోకమంత ఉన్నప్పుడు ఆ అంకెతో దేన్నీ కొలవలేం.