మెడికల్ పీజీ సీటుకు వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో పెట్టే సీట్ల జాబితా) ఏ వరుసలో పెట్టాలి?

నీట్ పీజీ ర్యాంకు చేతికొచ్చాక సర్టిఫికెట్ల స్కానింగు, ఫీజు, ఓటీపీ వగైరా మీకు తెలిసినవే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆలిండియా కోటాకు పోతాయి, వాటిని కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది. మిగతా సగం ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. రెండుచోట్లా విడివిడిగా రిజిస్టర్ కావాలి.

ముందు బ్రాంచి, అంటే ఏ స్పెషాలిటీ అన్నది, తర్వాతే కాలేజీ. ఇందులో చర్చ లేదు. మామయ్య రేడియాలజీ తీసుకోమంటాడు. డ్యూటీ చేసేది మామయ్య కాదు.

తర్వాత సోమవారం పొద్దున ఓపీ వేళకు ఆసుపత్రికి వెళ్లి చూడండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి, ఒక్క పూటలో అయిపోతుంది. సెకండియర్ పీజీనే పట్టుకోండి. ఫస్టియర్‌కు నిద్ర ఉండదు, థర్డ్ ఇయర్‌కు పరీక్షల టెన్షన్. "కాలేజీ ఎట్లుందన్నా?" అంటే "బాగుంది" అంటారు, అంతే. "పోయిన నెల మీ చేత్తో ఎన్ని కేసులు చేశారన్నా? స్టైపెండ్ నెలనెలా పడతా ఉందా?" అని అడగండి.

ఇక అందరూ చెడగొట్టుకునేది వరుస దగ్గరే. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితాను ఒకటో నంబరు నుంచి కిందికి చూసుకుంటూ వెళ్తుంది. ఖాళీగా కనిపించిన మొదటి సీటు మీకిచ్చి ఆగిపోతుంది. కాబట్టి అందని సీటు పైన పెట్టినా కింద ఉన్నదానికి నష్టమేమీ లేదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ముక్క ఎక్కదు! ఆర్థో (ఎముకల విభాగం) అంటే ప్రాణం పెట్టే ఒక జూనియర్, పోయినేటి కటాఫ్ చూసి "మనకెక్కడ వస్తుందిలే" అని ఈఎన్‌టీని పైన, ఆర్థోను దాని కింద పెట్టాడు. ఈఎన్‌టీ వచ్చింది. ఆర్థో సీటేమో అదే కేటగిరీలో అతని వెనక ర్యాంకువాడికి పోయింది.

అందుకే ఏ ర్యాంకుకు ఏ సీటొస్తుందో అంచనా చెప్పే ప్రిడిక్టర్ యాప్‌లకు డబ్బు తగలేయకండి. ఎక్సెల్ కూడా వద్దు, పొరపాటున ఒక్క సార్ట్ నొక్కితే వరుసంతా తారుమారు. గీతల నోట్‌బుక్కులో రాసుకుని, రెండేసి సీట్లు పక్కపక్కన పెట్టి "రెండూ వస్తే దేంట్లో చేరతాను?" అని తేల్చుకుంటూ రండి.

చచ్చినా చేరనన్న సీటు అసలు పెట్టకండి. ఎంసీసీలో మొదటి రౌండు సీటు వద్దనుకుంటే ఫ్రీ ఎగ్జిట్ ఉంది, రెండో రౌండు నుంచి డిపాజిట్ పోతుంది. అప్‌గ్రేడ్, అంటే వచ్చిన సీటు ఉంచుకుని తర్వాతి రౌండులో ఇంకా మంచిది అడిగేవాళ్లు మరీ జాగ్రత్త. కొత్తది వచ్చిందంటే పాత సీటు ఆ క్షణమే పోయినట్టు, బతిమాలినా తిరిగి రాదు. కాబట్టి ఆ రౌండులో, చేతిలో ఉన్నదానికంటే నిజంగా నచ్చినవే పెట్టండి.

లాక్ చేసే ముందు పక్కన ఒకరిని కూర్చోబెట్టి జాబితా పైకి చదివించండి. మీరు నొక్కకపోతే గడువు అయ్యేసరికి సేవ్ అయి ఉన్నదే లాకైపోతుంది. ఆఖరి గంటలో సర్వర్ మొరాయిస్తుంది, ముందురోజే పని ముగించి ప్రింటు తీసుకోండి.