షిట్జుకు స్నానం కంటే ముందు దువ్వెన

షిట్జు జాతి కుక్క జుట్టు మన తల వెంట్రుకల మాదిరిగానే ఆగకుండా పెరుగుతూ ఉంటుంది. వెంట్రుకలు నేల మీద పెద్దగా రాలవన్న కారణంతోనే అపార్ట్‌మెంట్లలో ఉండేవారు చాలామంది ఈ జాతిని ఎంచుకుంటారు. అయితే ఊడిన వెంట్రుకలు నేల మీద పడకపోతే పక్క జుట్టులోనే ఇరుక్కుంటాయి. వాటిని తీయకుండా వదిలేస్తే కొద్ది వారాలలోనే చిక్కులు ముదిరి అట్టలు కడతాయి. కనుక ఈ కుక్క సంరక్షణలో అసలు పని దువ్వడమే, స్నానం దాని తరువాతిది.

ఇందుకు ఒక స్లికర్ బ్రష్ (సన్నని వంపు తీగలే పళ్లుగా ఉండే బ్రష్), ఒకవైపు వెడల్పు పళ్లు, మరోవైపు సన్న పళ్లు ఉన్న స్టీలు దువ్వెన, నీళ్లు చల్లే సీసా ఉంటే చాలు. పూర్తిగా పొడిగా ఉన్న జుట్టును దువ్వితే వెంట్రుకలు తెగుతాయి కాబట్టి, కుక్కల కండిషనర్ కొద్దిగా కలిపిన నీటిని ముందుగా పలుచగా చల్లాలి. కుక్కను ఒక పక్కకు పడుకోబెట్టి, జుట్టు మొత్తాన్ని ఒక చేత్తో పైకి ఎత్తిపట్టి, పొట్ట వైపు నుంచి ఒక్కొక్క సన్నని పాయను కిందికి వదులుతూ, ముందు కొసలు, తరువాత మధ్యభాగం, చివరికి కుదుళ్లు దువ్వుతూ వీపు వరకు రావాలి. పైపైన బ్రష్ తిప్పితే జుట్టు నిగనిగలాడుతుంది గానీ అడుగున చిక్కు అలాగే ఉంటుంది. స్టీలు దువ్వెన చర్మం దగ్గర నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా జారితేనే ఆ పాయ పూర్తయినట్టు. చెవుల వెనుక, చంకలలో, తొడల సందుల్లో, మెడపట్టీ ఒరుసుకునే చోట చిక్కులు ముందుగా పడతాయి.

ఉండ కట్టిన చోట కత్తెర పెట్టకూడదు. చర్మం ఆ ఉండలోకి లాగబడి ఉంటుంది కనుక, వెంట్రుకలే అనుకుని కత్తిరిస్తే గాయమవుతుంది. కొంచెం కార్న్‌ఫ్లోర్ అద్ది, కుదుళ్ల దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, ఉండను కొస నుంచి చిన్నచిన్న పాయలుగా విడదీయాలి. అట్ట చర్మానికి అంటుకుపోయి ఉంటే విడదీసే ప్రయత్నం మాని క్లిప్పర్‌తో, అంటే జుట్టు గొరిగే యంత్రంతో, తీయించడమే దయ. ఏడాది వయసుకు అటూ ఇటూగా పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వచ్చే నెలల్లో రోజూ దువ్వినా చిక్కు పడుతుంది. అది మీ లోపం కాదు.

చిక్కులన్నీ తీసిన తరువాతే, మూడు నాలుగు వారాలకొకసారి, గోరువెచ్చని నీటితో స్నానం చేయించాలి. తడిసిన చిక్కు మరింత బిగుసుకుంటుంది. మన షాంపూ కుక్క చర్మానికి సరిపడదు. కుంకుడు రసం సహజమైనదే అయినా కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తలంటు పోయించుకున్నవారికి చెప్పనక్కరలేదు, ఈ కుక్కకు కళ్లు కొంచెం బయటికే ఉంటాయి. నురుగు మిగలకుండా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తక్కువ వేడితో డ్రయ్యర్ పట్టి, దువ్వుతూ కుదుళ్ల దాకా ఆరబెట్టాలి. చప్పిడి ముక్కు వల్ల ఇది వేడికి త్వరగా ఆయాసపడుతుంది. రొప్పడం మొదలుపెడితే వెంటనే డ్రయ్యర్ ఆపాలి.

ఇంట్లో తిరిగే షిట్జుకు నేల జీరాడే జుట్టు అవసరం లేదని నా అభిప్రాయం. ఒంటి మీద అంగుళం, అంగుళంన్నర మిగిలేలా కత్తిరించే పప్పీ కట్ మన ఎండలకు బాగుంటుంది. ఇదే సలహాను పొమరేనియన్‌కు వర్తింపజేయవద్దు: దాని జుట్టు లోపలి మెత్తని పొర చాలా దట్టంగా ఉంటుంది, నున్నగా గొరిగిస్తే జుట్టు మళ్లీ సరిగా రాకపోవచ్చు.

వానాకాలంలో దువ్వేటప్పుడు చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకాలి. కనిపిస్తే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిటారుగా లాగాలి; కిరోసిన్ పూస్తే చర్మం కాలుతుంది, కుక్క దాన్ని నాకుతుంది కూడా. ఆ తరువాతి రోజుల్లో కుక్క తిండి మాని నీరసంగా పడుకుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి.