సెకండ్ హ్యాండ్ కారు ‘ఫుల్ ఆప్షన్’ అంటే నమ్మేయాలా? కంపెనీ ఇచ్చినవేవో, వాటి విలువెంతో ఇలా తేల్చుకోండి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా కార్ కన్సల్టెన్సీలో అడుగుపెడితే ముందుగా వినిపించే మాట ‘ఫుల్ ఆప్షన్ బండి సార్’. సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడిన కారు అన్నవి ఆ తర్వాత వస్తాయి. గుంటూరులో డాక్టర్లు ఎక్కువే గానీ, అమ్మకానికొచ్చే ప్రతి కారూ వాళ్లదే అయ్యేంత ఎక్కువేం కాదు. ఆ మాటలన్నీ విని నవ్వి ఊరుకోండి. మీరు అడగాల్సినవి రెండే: ఏ వేరియంట్, ఏ నెలలో తయారైంది?

మన దేశంలో మామూలు కార్లకు ఆప్షన్లు ఒక్కొక్కటిగా ఎంచుకుని కొనే పద్ధతి చాలా తక్కువ. కంపెనీలే వాటిని మూటగట్టి వేరియంట్ల పేరుతో అమ్ముతాయి. మారుతిలో ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ; హ్యుందాయ్‌లో ఎరా, మాగ్నా, స్పోర్ట్జ్, ఆస్టా. కాబట్టి వేరియంట్ తేలితే ఫ్యాక్టరీ నుంచి ఏమేం వచ్చాయో ముప్పాతిక వంతు తేలినట్టే. మిగతా పావు వంతులోనే తిరకాసు ఉంటుంది.

కాగితాలతో మొదలుపెట్టండి

కారు చుట్టూ తిరగడం తర్వాత, ముందు సీ బుక్ అడగండి. కొన్ని ఆర్‌సీల్లో మోడల్ పేరు పక్కనే వేరియంట్ కూడా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. తయారైన నెల, సంవత్సరం మాత్రం ఉంటాయి, వాటిని రాసుకోండి. రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారీ తేదీ వేరు. డిసెంబరులో తయారై మార్చిలో రిజిస్టరైన కారును అమ్మేవాళ్లు కొత్త సంవత్సరం మోడల్ అంటారు, కొనేటప్పుడు మాత్రం మీరు పాత సంవత్సరం లెక్కే పట్టుకోవాలి. అదే వివరాలను బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో కూడా సరిచూసుకోవచ్చు. ఓనర్ పేరు పూర్తిగా కనపడకపోయినా మోడల్, ఇంధనం, ఇన్సూరెన్స్ గడువు తెలుస్తాయి.

నంబర్ ప్లేటు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. 2019కి ముందు ఏపీ16 అంటే విజయవాడ వైపు బండి, ఏపీ07 అంటే గుంటూరుది. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏపీ39 సిరీస్ వచ్చింది. ఏ ఆఫీసులో రిజిస్టరైందో ఆర్‌సీలోనే చూడాలి. తెలంగాణ బండి అయితే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. హైదరాబాద్‌లో చవగ్గా దొరికిందని సంబరపడే ముందు ఆ ఖర్చు కలుపుకోండి.

చాలామంది పట్టించుకోని కాగితం ఇన్సూరెన్స్ పాలసీ. నన్నడిగితే ఆర్‌సీ కంటే అదే ఎక్కువ చెబుతుంది. అందులో వేరియంట్ పేరు ఉంటుంది. కంపెనీ ధరలో కలవని ఎలక్ట్రికల్, నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు, సీఎన్‌జీ కిట్‌కు విడివిడిగా గడులుంటాయి. టచ్‌స్క్రీన్ విలువ అక్కడ వేరుగా కనపడితే, అది ఫ్యాక్టరీది కాదు, బయట పెట్టించింది అని ఓనరే ఒప్పుకున్నట్టు. ఒక్క జాగ్రత్త: రెన్యువల్‌లో ఏజెంట్లు వేరియంట్‌ను తప్పుగా ఎక్కించేయడం మామూలే. కారు కొన్నప్పుడు షోరూంలో తీసుకున్న మొదటి పాలసీ దొరికితే దాన్నే నమ్మండి.

అన్నింటికన్నా గట్టి సాక్ష్యం షోరూం ఇచ్చిన అసలు ఇన్వాయిస్. వేరియంట్ పూర్తి పేరు, రంగు, ఎక్స్‌షోరూం ధర, ఛాసిస్ నంబరు అందులోనే ఉంటాయి. సీటు కవర్లు, మ్యాట్లు, రివర్స్ కెమెరా లాంటివి డీలర్ దగ్గర పెట్టించుకుంటే వాటికి వేరే బిల్లు ఉంటుంది. ‘బిల్లు పోయిందండీ’ అంటే గొడవపడక్కర్లేదు. ఓనర్‌ని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. బండి నంబరో ఛాసిస్ నంబరో చెబితే వాళ్ల సిస్టంలో వేరియంట్, సర్వీస్ చరిత్ర ఉంటాయి. ఓనర్ రానంటే అదీ ఒక సమాధానమే.

ఛాసిస్ నంబర్‌లో 17 అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో రావు. మొదటి మూడూ తయారీదారును చెబుతాయి: ఎంఏ3 అంటే మారుతి సుజుకి, ఎంఏఎల్ హ్యుందాయ్, ఎంఏటీ టాటా, ఎంఏ1 మహీంద్రా. మధ్యలోవి మోడల్, ఇంజన్ లాంటివి; వాటి అర్థం కంపెనీ కంపెనీకీ మారుతుంది, సర్వీస్ సెంటర్ వాళ్లే విప్పి చెప్పాలి. మీరు చేయాల్సింది ఇంజన్ గదిలోనో, సీటు కిందో చెక్కి ఉన్న నంబరు ఆర్‌సీలోని నంబరుతో అక్షరం అక్షరం కలుస్తోందా అని చూడటం. కలవకపోతే మిగతా వ్యాసం చదవక్కర్లేదు, ఆ కారు వదిలేయండి.

ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి వాటి దారి వేరు. అక్కడ నిజంగానే ఒక్కో ఆప్షన్‌కి ఒక్కో కోడ్ ఉంటుంది. ఛాసిస్ నంబరు ఇస్తే అధీకృత డీలర్ ఆ పూర్తి జాబితా తీసివ్వగలడు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు స్పేర్ టైర్ గుంటలోనో, సర్వీస్ పుస్తకంలోనో అంటించిన స్టిక్కర్ మీద మూడక్షరాల కోడ్‌లు వరసగా ఉంటాయి. ఆ స్టిక్కర్‌ని ఫొటో తీసుకుని తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ఆ ఏడాది బ్రోచర్ సంపాదించండి

ఇప్పటి బ్రోచర్ చూసి ఐదేళ్ల నాటి కారును అంచనా వేయకండి. అదే పేరుతో ఉన్న వేరియంట్‌లో ఏటేటా కొన్ని కలుస్తాయి, కొన్ని చెప్పాపెట్టకుండా పోతాయి. పాత బ్రోచర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అందులో చివరి పేజీల్లో ఉండే వేరియంట్ల పట్టికే మీకు కావాల్సింది. పేరు పక్కన బ్రాకెట్లో ‘ఓ’ ఉందా లేదా కూడా చూడండి. ఆల్టో 800 ఎల్ఎక్స్ఐకీ, ఎల్ఎక్స్ఐ ‘ఓ’కీ పైకి తేడా తెలియదు, కానీ ‘ఓ’లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది.

చట్టం ఎప్పుడు మారిందో గుర్తుంచుకుంటే బేరంలో బాగా పనికొస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి. అదే ఏడాది జులై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు, సీట్ బెల్ట్ రిమైండర్, స్పీడ్ అలర్ట్ కూడా. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 నుంచి అన్ని కార్లలోనూ వచ్చింది. అందుకే 2016 కారులో ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటే దానికి ఎక్కువ ఇవ్వొచ్చు. 2023 కారుకు ‘ఏబీఎస్ ఉంది సార్, ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయి సార్’ అని ఊరిస్తే, నాలుగు చక్రాలున్నాయని చెప్పినట్టే లెక్క.

ఇప్పుడు కారు దగ్గరికి రండి

డిక్కీ మీద ఉన్న బ్యాడ్జిని అసలు లెక్కలోకి తీసుకోకండి. ఏ యాక్సెసరీల షాపులోనైనా దొరుకుతుంది. ఆటోనగర్‌లో ఒక పూట గడిపితే బేస్ మోడల్ చూపులకు టాప్ ఎండ్ అయిపోతుంది. అందులో తప్పేం లేదు, తన కారును తన డబ్బుతో ముస్తాబు చేసుకున్నాడు. దాన్ని ఫ్యాక్టరీ సరుకు ధరకు అంటగడితేనే పేచీ.

2018లో వచ్చిన స్విఫ్ట్‌నే తీసుకోండి. వీఎక్స్ఐకి 14 అంగుళాల స్టీల్ రిమ్ములు. జెడ్ఎక్స్ఐకి 15 అంగుళాల అల్లాయ్స్, పుష్ స్టార్ట్ బటన్, ఆటోమేటిక్ ఏసీ. జెడ్ఎక్స్ఐ ప్లస్‌కి వీటితోపాటు టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా, ఎల్ఈడీ హెడ్‌లైట్లు. వీఎక్స్ఐకి అల్లాయ్స్, టచ్‌స్క్రీన్, కెమెరా బిగిస్తే పది అడుగుల దూరం నుంచి ప్లస్‌లాగే ఉంటుంది. కానీ లోపల కూర్చోగానే దొరికిపోతుంది: తాళం తిప్పే కన్నం, ఏసీకి చేత్తో తిప్పే నాబ్‌లు. కంపెనీ టచ్‌స్క్రీన్ అంచులు డ్యాష్‌బోర్డుతో అతికినట్టు కుదురుతాయి. బయటి దానికి చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్, కొద్దిగా సందు.

స్టీరింగ్‌కు కుడివైపు, మోకాలి దగ్గర చూడండి. అక్కడ వరసగా ఉన్న బటన్లలో కొన్ని ఖాళీ మూతలుంటే కింది వేరియంట్ అని అనుమానించండి. ఫాగ్ ల్యాంపులు ఫ్యాక్టరీవైతే స్విచ్ స్టీరింగ్ పక్క కాడ మీదో, ఆ వరసలోనో ఉంటుంది. కింద ఎక్కడో వేలాడే చిన్న బటన్ ఉంటే ఎలక్ట్రీషియన్ పని. వెనక అద్దం మీద డీఫాగర్ (అద్దానికి పట్టిన మంచును పోగొట్టేది) గీతలున్నాయా, వైపర్ ఉండాల్సిన చోట రబ్బరు మూత ఉందా అన్నదీ గమనించండి. సన్‌రూఫ్ బయట కోయించిందైతే పైకప్పు గుడ్డ అంచుల్లో తెలుస్తుంది. అలాంటి కారు మాత్రం వద్దే వద్దు. తొలకరికే లోపల తడుస్తుంది.

ఎయిర్‌బ్యాగ్‌ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత దానంతటదే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటును ఎవరో తీసేసి ఉంటారు. ఇంకో కిటుకు కూడా ఉంది: ఎయిర్‌బ్యాగ్ పేలిపోయిన కారులో ఆ లైటు తీగను వేరే లైటుకు కలిపేస్తారు, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరుతాయి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి ఉంచితే, ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలుగుతూనే ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కటే ఆరాలి. ఇంకా అనుమానం ఉంటే స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్లండి. ఏ ఎలక్ట్రానిక్ వ్యవస్థ పలుకుతోందో, ఏది పలకట్లేదో స్కానర్‌లో కనపడుతుంది.

మన ఊళ్లో ఇంకో పరీక్ష

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం చుట్టుపక్కల కార్లు మునిగాయి. ఆప్షన్లు ఎన్ని ఎక్కువుంటే నీళ్లలో నానిన సెన్సర్లు, మోటార్లు, కనెక్టర్లు అన్ని ఎక్కువ. అందుకే మునిగిన టాప్ ఎండ్ కంటే పొడిగా ఉన్న బేస్ మోడల్ నయం. సీట్ బెల్టును చివరిదాకా లాగండి, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద చార కనపడుతుందేమో. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద సన్నని మట్టి ఉందా, హెడ్‌లైట్ లోపల చెమ్మ ఉందా చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు కూడా అడగండి.

విలువ కట్టడం

ఉన్నవాటిని మనసులో మూడు కుప్పలు చేసుకోండి. ఎయిర్‌బ్యాగ్‌లు, పాత కార్లలో ఏబీఎస్, ఈఎస్‌సీ (కారు అదుపు తప్పి జారకుండా చూసేది), ఆటోమేటిక్ గేర్లు, వెనక ఏసీ వెంట్లు: తర్వాత పెట్టించుకోలేనివి, లేదా పెట్టించినా కుదరనివి. డబ్బు పెట్టాల్సింది వీటికే. బెజవాడ ఎండల్లో పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెనక కూర్చోబెట్టుకుని తిరిగే ఇంటికి సన్‌రూఫ్ కంటే వెనక ఏసీ వెంట్ విలువైంది. మార్కెట్ మాత్రం సన్‌రూఫ్‌కే ఎక్కువ ఇస్తోంది, అది వేరే సంగతి. రెండో కుప్ప టచ్‌స్క్రీన్, కెమెరా, అల్లాయ్స్, ఫాగ్ ల్యాంపులు. ఇవి కొత్తవి బిగించడానికి ఈరోజు ఎంతవుతుందో షాపులో కనుక్కుని, అందులో సగానికి మించి ఇవ్వకండి. సీటు కవర్లు, టెఫ్లాన్ కోటింగ్, ఫిల్మ్, మ్యాట్లు మూడో కుప్ప, వాటి విలువ సున్నా.

ఇక అంకెలు. కొన్న ఏడాదిలో మధ్య వేరియంట్ ఎక్స్‌షోరూం 6,50,000, టాప్ 7,70,000 అనుకుందాం. తేడా 1,20,000. ఇన్సూరెన్స్‌లో ఐడీవీకి, అంటే పాలసీలో కారుకు కట్టే విలువకు, వాడే తరుగు లెక్క ఒకటి ఉంది: రెండో ఏడాదిలో 20 శాతం, మూడో ఏడాదిలో 30, నాలుగో ఏడాదిలో 40, అయిదో ఏడాదిలో 50. అయిదో ఏడాది నడుస్తున్న కారుకు ఆ తేడాలో సగం, అంటే 60,000 మిగులుతుంది. టాప్ వేరియంట్ కాబట్టి ఇవ్వగల అదనానికి అదే గరిష్ఠం అనుకోండి. స్క్రీన్ పనిచేయట్లేదు, కెమెరా మసకబారింది అంటే అందులోంచి ఇంకా తగ్గించండి. తర్వాత అదే ఏడాది, అదే వేరియంట్ కార్లకు విజయవాడ, గుంటూరులో ఎంత అడుగుతున్నారో పదిహేను ప్రకటనలు చూసి పోల్చుకోండి. అడిగే ధర వేరు, తెగే ధర వేరు అని మీకు తెలిసిందే.

పాత ఇన్వాయిస్ చూపించి ‘కొత్తలో ఇంత పెట్టాను’ అంటే కరగకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పోల్చాల్సింది ఆయన అప్పట్లో పెట్టిన ధరతో కాదు, ఈరోజు షోరూంలో కొత్త కారు ధరతో. కొత్త మధ్య వేరియంట్‌కీ పాత టాప్ ఎండ్‌కీ లక్షన్నర తేడానే ఉంటే నేనైతే కొత్తదాని వైపే చూస్తాను.

సీఎన్‌జీ కారైతే కిట్ కంపెనీదా, బయటిదా అన్నది ధరను బాగా మారుస్తుంది. బయటిదైనా ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయించే హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) సర్టిఫికెట్ కూడా చూపించమనండి.

బేరం తెగాక డెలివరీ కాగితంలో వేరియంట్ పూర్తి పేరు, ఛాసిస్ నంబరు, రెండో తాళం, కారుతో వస్తున్న యాక్సెసరీలు రాయించుకుని సంతకం పెట్టించండి. ఓనర్ పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ తీరి ఉంటే ఆర్‌సీలో లోన్ ఎంట్రీ తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ అప్పుడే తీసుకోండి. బదిలీ అయిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. ఆ పనిలోనే పాలసీలో వేరియంట్ తప్పుగా ఉంటే సరిచేయించండి. బయట పెట్టించిన స్క్రీన్, అల్లాయ్స్ ఉంచుకుంటున్నట్టయితే వాటి విలువను యాక్సెసరీల గడిలో రాయించండి, లేకపోతే క్లెయిమ్ వచ్చిన రోజున వాటికి రూపాయి కూడా రాదు.