హైదరాబాద్‌లో వీల్‌చైర్ వెళ్లే దారులను ఆన్‌లైన్ మ్యాపుల్లో చేర్చడం ఎలా?

మా అక్క వీల్‌చైర్ వాడుతుంది. పోయినేడు ఒక నిశ్చితార్థానికి బయల్దేరే ముందు ఫంక్షన్ హాల్‌కి ఫోన్ చేసి అడిగాను. "లిఫ్ట్ ఉందండీ, ఏం ఇబ్బంది లేదు" అన్నారు. లిఫ్ట్ ఉన్నమాట నిజమే. దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు ఐదు మెట్లెక్కాలి. నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా అక్కను పైకెత్తారు. పట్టుచీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా ఒక చేత్తో, కుర్చీని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. చుట్టాలంతా చూస్తున్నారు. వంటవాళ్లు గ్యాస్ బండలు దించుకునే వెనక గేటు నేలకు సమంగా ఉందని, అక్కడి నుంచి లిఫ్ట్ దాకా నేరుగా తోసుకుపోవచ్చని తిరిగి వెళ్లేటప్పుడు తెలిసింది. "ఈ మాట పొద్దున్నే తెలిసుంటే నా అంతట నేనే వచ్చేదాన్ని కదరా" అంది.

అలాంటి మాటలు మ్యాపులోకి ఎక్కించడమే ఈ పని. ఫోన్, కొలత టేపు, వారానికో గంట టైమ్ ఉంటే ఎవరైనా చేయొచ్చు.

ముందు మ్యాపు సంగతి

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీపీడియా లాంటిది. అందరూ రాస్తారు, అందరూ వాడుకుంటారు. దాని ఆధారంగా బెర్లిన్‌కు చెందిన సోజియాల్‌హెల్డెన్ అనే సంస్థ 2010లో వీల్‌మ్యాప్‌ను తెచ్చింది. ట్రాఫిక్ సిగ్నల్ లెక్కే: పచ్చ అంటే వీల్‌చైర్‌తో పూర్తిగా తిరగొచ్చు, పసుపు అంటే కొంతవరకు, ఎరుపు అంటే కుదరదు. ఎవరూ ఏమీ చెప్పని చోటు బూడిద రంగులో ఉంటుంది. ఒకసారి వీల్‌మ్యాప్ తెరిచి మీ పేట చూడండి. మా వైపు చూసినప్పుడు అంతా బూడిదే కనిపించింది. అదే నన్ను కదిలించింది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉచితంగా అకౌంట్ తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకుంటే చాలు. మీరు నిలబడ్డ చోటు చుట్టూ మ్యాపు మీద చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఒకటి నొక్కితే "ఈ షాపులోకి వీల్‌చైర్ వెళ్తుందా?" అని అడుగుతుంది, మీరు జవాబిస్తారు. ఐఫోన్ వాళ్లకు ఎవ్రీ డోర్ యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లోనూ ప్రవేశం, టాయిలెట్, పార్కింగ్, సీటింగ్‌లకు విడివిడిగా వీల్‌చైర్ వివరాలు ఇవ్వొచ్చు. ఎక్కువమంది చూసేది అదే కాబట్టి నేను రెండింట్లోనూ పెడతాను. ఒక్క జాగ్రత్త: గూగుల్‌లో ఉన్న సమాచారాన్ని చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. మీ కళ్లతో చూసిందే రాయాలి.

మీ వీధితోనే మొదలుపెట్టండి

చార్మినార్, గోల్కొండ తర్వాత సంగతి. మందుల షాపు, క్లినిక్, ఏటీఎం, టిఫిన్ సెంటర్, కిరాణా కొట్టు, రేషన్ షాపు, గుడి: రోజూ పని పడేవి ఇవే. ఉదయం 11 గంటలకు షాపులన్నీ తెరిచి, ఇంకా రద్దీ పెరగకముందు బయల్దేరితే హాయిగా ఉంటుంది. కుదిరితే వీల్‌చైర్ వాడేవాళ్లతో కలిసి వెళ్లండి. అక్కతో మొదటిసారి వెళ్లినప్పుడు నేను పచ్చ అనుకున్న మూడు షాపుల్లో రెంటిని తను ఒప్పుకోలేదు. ఒక దాంట్లో షట్టర్ దిగే ఇనుప పట్టాలో ముందు చక్రం ఇరుక్కుంది. రెండో దాంట్లో గడప. నా కాలు రోజూ దాటుతున్న గడపే, నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

మెట్టు దగ్గర ఆగండి

మొత్తం పనిలో అసలైన భాగం ఇదే. మెట్లు లెక్కపెట్టండి, ఎత్తు కొలవండి. టేపు లేకపోతే నాలుగు వేళ్లు కలిపి అడ్డంగా మెట్టు పక్కన పెట్టి చూడండి. వీల్‌మ్యాప్ లెక్కలో ఒకే మెట్టు ఉండి, అది సుమారు 7 సెంటీమీటర్లు, అంటే మన బెత్తెడు మించకుండా ఉండి, ముఖ్యమైన గదుల్లోకి మెట్లు లేకుండా వెళ్లగలిగితే పసుపు. అంతకు మించితే ఎరుపు. మెట్టు అసలే లేకుండా, లోపలి గదుల్లోకీ సమంగా వెళ్లగలిగితేనే పచ్చ. "ఒక్క మెట్టే కదా, ఎవరో ఒకరు చెయ్యేస్తారులే" అని పచ్చ పెట్టకండి. ఆ చెయ్యి కోసం ఎదురుచూడటమే కదా అసలు కష్టం.

ఓనర్ మంచివాడైనా, ఇడ్లీ బాగున్నా, మూడు మెట్లుంటే ఎరుపు పెట్టాల్సిందే. మ్యాపులో ఎరుపు కూడా సాయమే, ఎండలో ఆటో మాట్లాడుకుని వచ్చి వెనుదిరిగే బాధ తప్పుతుంది.

ఇక ర్యాంప్. మన దగ్గర షాపుల ముందు సిమెంటుతో ఏటవాలుగా పోసినదల్లా ర్యాంప్ కాదు. చాలావరకు అది రాత్రిపూట స్కూటర్ లోపలికి ఎక్కించుకోవడానికి పోసింది. మన దేశపు ప్రమాణం ప్రకారం ర్యాంప్ వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. సులువుగా గుర్తుపెట్టుకోవాలంటే, అరడుగు మెట్టుకు ఆరడుగుల ర్యాంప్. అంతే ఎత్తుకు రెండడుగుల్లో ముగిసిందంటే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి ఒరుగుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు జారతారు. ర్యాంప్ కింది భాగం ఎక్కడ ముగుస్తోందో కూడా చూడండి. మురికి కాలువ మీద పగిలిన బండ దగ్గర ముగిస్తే ఆ సంగతి రాయాలి.

అపార్ట్‌మెంట్ క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లలో లిఫ్ట్ ఏ అంతస్తు నుంచి మొదలవుతుందో చూడండి. సెల్లార్ నుంచా, నాలుగు మెట్లెక్కాకనా? మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అయితే రోడ్డుకు ఏ వైపు దిగుతాయి, దిగాక ఫుట్‌పాత్ మీద బైకులు ఎక్కకుండా పాతిన గుంజల మధ్య సందు ఎంత? కుర్చీ వెడల్పు సాధారణంగా 60 నుంచి 70 సెంటీమీటర్లు, చక్రాన్ని తిప్పే చేతులకు ఇంకాస్త చోటు కావాలి. 90 సెంటీమీటర్లుంటే నిశ్చింత.

టాయిలెట్‌ను విడిగా గుర్తించాలి. తలుపు కనీసం 90 సెంటీమీటర్లు, లోపల కుర్చీ తిప్పుకోవడానికి 150 బై 150 సెంటీమీటర్ల ఖాళీ, పట్టుకోవడానికి కమ్మీలు. వీల్‌చైర్ బొమ్మ తలుపు మీద ఉన్నా, తీసి చూశాకే రాయండి. చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గదిగా మారిన వాటిని నేను చూశాను.

వివరణలో ఏం రాయాలి?

రంగు ఒక్కటే చాలదు. యాప్‌లో వివరణ గడి ఉంటే రెండు వాక్యాలు రాయండి. మేం ఆ ఫంక్షన్ హాల్‌కు రాసింది ఇది: "ముందు వైపు 5 మెట్లు, ర్యాంప్ లేదు. వెనక సందులోని గేటు నుంచి మెట్లు లేకుండా లిఫ్ట్ దాకా వెళ్లొచ్చు. గేటు తెరవమని వాచ్‌మన్‌ను అడగాలి." "సౌకర్యంగా ఉంది", "పర్వాలేదు" లాంటి మాటలు వద్దు. ఒకరికి పర్వాలేనిది ఇంకొకరికి అసాధ్యం. బరువైన మోటారు వీల్‌చైర్‌ను నలుగురు కలిసి ఎత్తడం కూడా కష్టమే. అంకెలు ఇస్తే ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకుంటారు.

ఫోటో పెడితే ఇంకా మంచిది. గుమ్మం, మెట్టు, దాని పక్కన నిలబెట్టిన టేపు పడితే చాలు, మనుషుల ముఖాలు రాకూడదు. ముందు షాపువాళ్లకు చెప్పండి: "అన్నా, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ల కోసం మ్యాపులో వివరాలు పెడుతున్నా, గుమ్మం ఫోటో తీసుకోవచ్చా?" ఇలా అడిగితే ఇప్పటిదాకా ఎక్కువమంది సరే అన్నారు. ఒక మెడికల్ షాపాయన మెట్టు ఎత్తు తనే కొలిచి, ర్యాంప్‌కు ఎంత పొడవు కావాలో లెక్క అడిగి రాసుకున్నాడు.

"ఇదంతా ఎందుకు?" అని ఎవరైనా అడిగితే చట్టం సంగతి చెప్పొచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. సుప్రీంకోర్టు ఈ విషయంలో అధ్యయనం చేయమని మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రాన్నే అడిగింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని, అందుబాటు ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాలని 2024 నవంబర్‌లో తీర్పు చెప్పింది. గొడవకు దిగకండి, మీ పని కొలిచి రాయడం.

ఒకసారి పెట్టాక వదిలేయకూడదు. రోడ్డు మీద కొత్త తారు వేస్తే నిన్నటి జానెడు మెట్టు బెత్తెడవుతుంది, తవ్వితే మళ్లీ జానెడు. వానాకాలంలో ర్యాంప్ కింద నీళ్లు నిలుస్తాయి. ఆర్నెల్లకోసారి పాత వీధిలో ఇంకో చుట్టు తిరిగి, మారినవి మార్చండి. మేం వచ్చే ఆదివారం మా పేట రేషన్ షాపు దగ్గరికి మళ్లీ వెళ్తున్నాం. దాని ముందు కాలువ మీద కొత్త బండ వేశారట, వెడల్పు చాలుతుందో లేదో అక్క చూస్తానంది.